వాన ఆగకూడని వారం

నవంబర్ 9, శనివారం

వాన. నిన్న కూడా వానే. మా దీవి ఉత్తరపు ఒడ్డున ఈ నాగువాలో నవంబర్‌లో వాన పడటం వార్త కాదు, పడకపోతే రేడియోలో చెప్పాలి. అయినా ఈ వీధి జనం ఆకాశం తమ మీద కక్ష కట్టినట్టు మొహాలు పెట్టుకు తిరుగుతున్నారు. సోమవారం షోకేస్.

ముప్పై ఏళ్ళు ఈ ఊరి పిల్లలకి భూగోళం చెప్పాను. రిటైరయ్యాక ఉచిత వాతావరణ కేంద్రాన్నయ్యాను. పొద్దుట్నుంచి నలుగురు గుమ్మంలోకి వచ్చి, టీచరమ్మా సోమవారానికి తెరిపిస్తుందా అని అడిగారు. ఉత్తరం నుంచి చలిగాలి దిగుతోందనీ, అది సముద్రం మీద తేమ పీల్చుకుని మన కొండకి కొట్టుకుని నిలిచిపోయిందనీ చెప్పాను. అంతా విని, అంటే తెరిపిస్తుందా లేదా అని మళ్ళీ అడిగారు. నలుగురిలో ముగ్గురు నా దగ్గర చదువుకున్నవాళ్ళే. ముగ్గురికీ అత్తెసరు మార్కులు.

షోకేస్ అంటే బట్టల కొట్టు అద్దం వెనక గౌన్లు తగిలించినట్టు కుర్రాళ్ళని మైదానంలో నిలబెట్టే రోజు. అమెరికా బేస్‌బాల్ జట్లకి కుర్రాళ్ళని ఏరే స్కౌట్లు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని చూస్తారు. ఎవడు ఎంత జోరుగా పరిగెత్తాడు, ఎవడి బ్యాట్‌కి బంతి ఎంత దూరం పోయింది, ఎవడి చేతిలోంచి బంతి ఎంత వేగంగా వచ్చింది. నచ్చినవాడికి సంతకం. నచ్చనివాడికి ఒక సీసా మంచినీళ్ళు.

నా మనవడు నెఫ్తాలీ షార్ట్‌స్టాప్. రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య నిలబడి, తన వైపు దూసుకొచ్చిన బంతిని అందుకుని మైదానానికి అడ్డంగా అవతలి మూలకి విసరాలి. ఆ విసురు చూసే కీకో అల్మాన్సర్ వాణ్ణి పదమూడో ఏట తన క్యాంపులోకి లాక్కున్నాడు. రెండు పూటలా తిండి పెడతాడు, తర్ఫీదు ఇస్తాడు, సంతకం అయిన రోజున తన వాటా తీసుకుంటాడు. మనిషి చెడ్డవాడు కాడు. నోరు పెద్దది. నేను పెట్టిన షరతు ఒక్కటే: శనివారం బడి మానకూడదు. వాన పడినా మానకూడదు. ఇవాళ వెళ్ళాడు. సగం తడిసి వచ్చి, ఇంకెవరూ రాలేదని సణిగాడు. అయితే క్లాసులో ఫస్టు నువ్వేనన్నాను.

నవంబర్ 11, సోమవారం

షోకేస్ రద్దు. బుధవారానికి మార్చారు.

ఒలింపియాతో కలిసి మైదానం చూసొచ్చాను. ఒలింపియా నా పక్కింటావిడ, నా వయసుదే, నా కన్నా పది రెట్లు భక్తి. మైదానం చెరువైంది. అవుట్‌ఫీల్డ్‌లో తెల్ల కొంగలు నడుస్తున్నాయి. ఇవాళ హాజరైన ఆటగాళ్ళు అవేనన్నాను. ఒలింపియా నవ్వలేదు. ఆవిడకి మనవడు లేడు, మనవరాళ్ళే. అయినా నెఫ్తాలీ కోసం రోజూ ఒక కొవ్వొత్తి వెలిగిస్తోంది.

స్కౌట్లు సముద్రపు గట్టు మీది హోటల్లో దిగారు. కీకో వాళ్ళకి రెండు పూటలా కొబ్బరి పాల చేపల కూర పంపిస్తున్నాడట. తడిసిన మైదానం కన్నా ఆకలేసిన స్కౌట్ ప్రమాదమట.

సాయంత్రం 5

నెఫ్తాలీ కాఫీలో చక్కెర ఎడమ చేత్తో కలిపాడు.

పుట్టిన దగ్గర్నుంచీ వాడు కుడిచేతి వాటం. వీధి కుళాయి నుంచి బకెట్ కూడా ఎడమ చేత్తోనే తెచ్చాడు. తలుపూ అంతే. ఏమీ అడగలేదు. ముప్పై ఏళ్ళు పరీక్ష హాల్లో నిలబడ్డదాన్ని, కాపీ కొట్టేవాణ్ణి పట్టుకోవాలంటే ముందు కిటికీలోంచి బయటికి చూడాలి.

నవంబర్ 12, మంగళవారం

పట్టుకున్నాను.

పెరట్లో పాత బకెట్‌లో బంతులు నానుతున్నాయి. ఒకటి తీశాను. తోలు నీళ్ళు తాగి బరువెక్కి, ఉడికించిన అరటికాయ ముద్దలా ఉంది. గత వారమంతా మైదానం మూసేశారు కదా, వీడు వానలోనే రైస్ మిల్లు గోడకేసి ఈ బంతుల్ని విసిరాడు. ఒంటరిగా, గంటల కొద్దీ. షోకేస్‌కి చెయ్యి మొద్దుబారకూడదని. గురువారం మోచేతి లోపలి వైపు ఏదో చురుక్కుమందట. శుక్రవారం మళ్ళీ విసిరాడట.

శుక్రవారం ఎందుకు విసిరావని అడిగాను. నిజంగా నొప్పేనో కాదో చూద్దామని అన్నాడు.

ఇలాంటి బుర్రకి ఆల్జీబ్రా ఎలా ఎక్కుతుందో నాకు తెలియదు. కానీ ఎక్కుతోంది.

కీకోకి చెప్పమన్నాను. మొహం తెల్లబోయింది. చెబితే డాక్టరు పరీక్షలు, పరీక్షలైతే స్కౌట్లందరికీ తెలిసిపోవడం, ఒకసారి చెయ్యి చెడిందన్న పేరు పడ్డాక ఆ పేరు మనిషి కన్నా ముందు ఊళ్ళు తిరుగుతుందట. జూన్‌లో వాడికి పదిహేడు వస్తాయి. పదిహేడేళ్ళ వాణ్ణి స్కౌట్లు నిన్నటి రొట్టెని చూసినట్టు చూస్తారట. ఇదంతా చాలా నెమ్మదిగా చెప్పాడు. ఏడ్చి ఉంటే నాకు తేలికయ్యేది.

"కీకోకి చెప్పావంటే ఇక ఈ ఇంట్లో ముద్ద ముట్టను, అమ్మమ్మా."

ముడతావులే, ఇంతవరకూ ఏ పూటా మానలేదు అన్నాను. కానీ మాట ఇచ్చాను. నేను చెప్పను, నువ్వే చెప్పాలి అన్నాను. చెప్పనన్నాడు. మేజోడులో ఐసు ముక్కలు పోసి మోచేతికి కట్టాను. బంతి ముట్టుకుంటే బకెట్‌తో సహా సముద్రంలో పారేస్తానన్నాను.

ఇప్పుడు లెక్క ఇదీ: వాన పడినన్నాళ్ళూ మైదానం లేదు. మైదానం లేనన్నాళ్ళూ వాడు విసరక్కర్లేదు, ఎందుకు విసరట్లేదని అడిగేవాడూ లేడు. స్కౌట్లు ఈ ఊళ్ళో ఉండేది శనివారం దాకా. ఆ రాత్రికి బోకా చీకా వెళ్ళిపోతారు, అక్కడ ఇంకో షోకేస్ ఉంది. దెబ్బ కొట్టింది ఈ వాన. మందు వేస్తున్నదీ ఈ వానే.

ఊరంతా తెరిపి కోసం మొక్కుతోంది. పడాలని కోరుకునేదాన్ని నేనొక్కదాన్నే.

నవంబర్ 13, బుధవారం

వాన. శుక్రవారానికి మార్చారు.

దాల్మారిస్ ఫోన్ చేసింది. నా కూతురు, నెఫ్తాలీ తల్లి, లాస్ తెర్రెనాస్‌లో హోటల్ గదులు సర్దుతుంది. అక్కడ చర్చిలో వాన ఆగాలని పూజ చేయించిందట. సంతోషం అన్నాను. ఏంటమ్మా నీ గొంతు అదోలా ఉందంది. తేమకన్నాను.

పదకొండింటికి కీకో వచ్చాడు. వెనక నలుగురు తల్లులు, ఒలింపియా. మొహాలు చూడగానే ఇది వాతావరణం అడిగే బృందం కాదని తెలిసింది. బూడిద శిలువ గియ్యాలట.

మా వైపు ఇదో పద్ధతి. వాన వదలకపోతే పొయ్యి బూడిదతో పెరట్లో శిలువ గీసి, నడిమధ్యన వంటింటి కత్తి గుచ్చుతారు. కత్తి మబ్బుని కోస్తుందట. అయితే గీసేది ఇంట్లో మొదటి కాన్పులో పుట్టిన ఆడది అయ్యుండాలి. ఒలింపియా నాలుగో కాన్పు. ఆదివారం ఆవిడ గీసింది పనిచెయ్యకపోవడానికి కారణం అదేనట. ఈ వీధిలో మొదటి కాన్పు పెద్దావిణ్ణి నేను.

ఈ తల్లుల్లో ఇద్దరికి ఆవిరి చల్లబడి నీటి చుక్క ఎలా అవుతుందో బోర్డు మీద బొమ్మ గీసి చెప్పింది నేనే. ఇప్పుడు వాళ్ళు నన్ను కత్తి పట్టుకోమంటున్నారు. నా ఉద్యోగ జీవితం అంతా కళ్ళ ముందు కదిలింది.

నాది గ్యాస్ పొయ్యి, బూడిద లేదన్నాను. ఒలింపియా తన బొగ్గు పొయ్యి బూడిద అప్పటికే కాగితంలో పొట్లం కట్టి తెచ్చింది. నాకు నమ్మకం లేదన్నాను. మీకు నమ్మకం అక్కర్లేదు టీచరమ్మా, కత్తికి ఉంటే చాలన్నాడు కీకో. నడుం వంగదన్నాను. నెఫ్తాలీ మీ మనవడే కదా, వాడి కోసమైనా వంగదా అని ఒక తల్లి అడిగింది.  చదువుకున్నదాన్ని, ఇలాంటివి చెయ్యనని కాస్త పొగరుగానే చెప్పి తలుపు వేశాను. చదువు ఇన్నాళ్ళకి పనికొచ్చింది.

తలుపు వెనక నెఫ్తాలీ నిలబడి ఉన్నాడు.  ఎడమ చేత్తో గిన్నెలోంచి అన్నం తింటున్నాడు.

సాయంత్రం 4

ఒలింపియా ఆగలేదు. మా రెండు పెరళ్ళ మధ్య, రేకు చూరు కింద పొడిగా ఉన్న చోట చూసుకుని తనే మళ్ళీ గీసింది. శుభ్రమైన శిలువ, తిన్నటి గీతలు, నడిమధ్యన కత్తి. నాలుగో కాన్పైనా చెయ్యి బాగుంది.

ఆవిడ లోపలికి వెళ్ళాక నా గిన్నెలు కడిగిన నీళ్ళు దాని మీద పారబోశాను.

నమ్మకం ఉండి కాదు. లేదు. కానీ ఈ వారం నేను ఏ అవకాశమూ వదిలే స్థితిలో లేను.

నవంబర్ 14, గురువారం

వాన. దేవుడికి కృతజ్ఞతలు చెప్పాను. అలవాటు తప్పి కొంచెం ఎబ్బెట్టుగా అనిపించింది.

తర్వాత చేర్చింది: స్కౌట్లకి విసుగొచ్చి బాస్కెట్‌బాల్ కోర్టు రేకుల కింద వలలు కట్టించి బ్యాటింగ్ వరకూ చూశారట. రేకుల మీద వాన మోతకి ఒకరి మాట ఒకరికి వినబడలేదట. నెఫ్తాలీ కొట్టాడు. బ్యాట్ తిప్పితే అంత నొప్పి లేదంటున్నాడు. ఎలా కొట్టావంటే, షార్ట్‌స్టాప్ కొట్టినట్టు కొట్టానన్నాడు. అంటే గొప్పగా కాదు. వాడి ఆస్తి కాళ్ళూ చెయ్యీ. రెండూ నేల మీద చూపించాల్సినవి.

నవంబర్ 15, శుక్రవారం

ఎండ.

నిద్ర లేచి కిటికీ తెరిచేసరికి వీధంతా తళతళా మెరుస్తోంది. పిల్లలు, కుక్కలు, ఆరేసిన దుప్పట్లు. ఒలింపియా చూరు కింద నిలబడి ఆకాశం వైపు చూసి మోకాలు వంచి దణ్ణం పెట్టింది. తన శిలువే ఆలస్యంగా పనిచేసిందనుకుంటోంది. నేను తలుపు చాటుకి తప్పుకున్నాను.

మధ్యాహ్నం మూడింటికి షోకేస్ అని కబురు. నెఫ్తాలీ బూట్లు తుడుచుకున్నాడు. ఎడమ చేత్తో.

మధ్యాహ్నం 2

పొగ.

ఏం జరిగిందో రాస్తున్నాను, లేకపోతే రేపు నేనే నమ్మను. కీకో పొద్దున్నే రైస్ మిల్లు నుంచి ట్రాక్టర్ నిండా ఊక తోలించి బురద మీద చల్లించాడు. ఊక నీరు పీలుస్తుంది, అంతవరకూ తెలివైన పనే. కానీ పదకొండింటికి కూడా కింద చిత్తడి పోలేదు. అందుకని, ఈ దీవిలో ప్రతి మైదానానికీ తెలిసిన వైద్యం చేశాడు. పెట్రోలు పోసి అంటించాడు.

మామూలుగా ఖాళీ బురద మీద పోస్తారు. భగ్గుమని లేచి, మూడు నిమిషాల్లో ఆరిపోయి, పైమట్టి ఎండుతుంది. ఈసారి కింద ఊక ఉంది. పెట్రోలు ఆరిపోయింది, ఊక ఆరలేదు. మంట లేదు, ఎర్రదనం లేదు, ఊరికే లోలోపల రాజుకుంటూ పసుపుపచ్చ పొగ. మొదటి బేస్ ఎక్కడుందో కనబడటం లేదు. నేల చూడ్డానికి ముందే వచ్చిన స్కౌట్లు ముక్కుకి చేతిరుమాలు కట్టుకుని వెనక్కి వెళ్ళిపోయారు. తెల్ల టోపీ పెట్టుకున్న పెద్ద స్కౌట్, రేపు పొద్దున్న తొమ్మిదింటికి ఆఖరిసారి వస్తాం, మైదానం ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేదన్నాడట.

ఆరబెట్టడానికి అంటించిన ఊకని ఆర్పడానికి మళ్ళీ నీళ్ళు పోస్తున్నారు.

వాన చేయలేని పని కీకో చేశాడు. ఒక రోజు దొరికింది. నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకున్నాను.

సాయంత్రం 6

కీకో కాఫీకి వచ్చాడు. మొహం నిండా మసి. టోపీ తీసి కొక్కేనికి తగిలించాడు. ఎడమ చేత్తో. ఇన్నేళ్ళుగా మా ఇంటికొస్తున్నాడు, ఏ రోజూ నేను గమనించలేదు. కుడి చెయ్యి భుజం దాటి లేవదు వాడికి.

చెయ్యికి ఏమైందని అడిగాను. పందొమ్మిదేళ్ళప్పుడు పోయిందన్నాడు. పిచర్‌ని, బ్యాట్ పట్టినవాడికి బంతి వేసేవాణ్ణి అన్నాడు.  కాఫీ చప్పరించి బాగుందన్నాడు.

మాట నాలుక చివరికి వచ్చింది. మాట ఇచ్చానని వెనక్కి తీసుకున్నాను. పక్క నుంచి ప్రయత్నించాను: కుర్రాళ్ళలో ఎవడికైనా నొప్పి ఉంటే నీకు చెబుతారా అని.

"చెయ్యి నొప్పి లేనివాడు అరుగు మీద కూర్చుని డొమినోలు ఆడుకుంటాడు, టీచరమ్మా. అందరికీ నొప్పే."

నెఫ్తాలీ ఇద్దరి వైపూ చూడకుండా తన ప్లేటు వైపు చూస్తూ కూర్చున్నాడు. కంది గింజల అన్నం. రెండోసారి వడ్డించుకోలేదు. కీకో వెళ్ళాక, నువ్వే చెప్పేయి నాన్నా, ఇప్పుడే వెళ్ళి చెప్పేయి అన్నాను. వారం రోజులు విశ్రాంతి దొరికింది, తగ్గిపోయింది అన్నాడు. మరి చెంచా అటు చేతిలోకి మార్చమన్నాను. మార్చలేదు.

నవంబర్ 16, శనివారం. ఉదయం 5

మబ్బు లేదు. అన్ని దిక్కులూ చూశాను. గాలి తూర్పు నుంచి, పొడిగా.

శనివారం బడి ఉందని గుర్తు చేశాను, వాడు వినిపించుకోలేదు. గొడుగు తీసుకెళ్తాను.

మధ్యాహ్నం

ఇప్పుడే వచ్చాను.  వరసగా రాయాలి.

మైదానంలో వీధంతా ఉంది. ఆట చూడ్డానికి నేను ఇంతకు ముందెప్పుడూ వెళ్ళలేదు, అందుకని చోటిచ్చారు. ఎండ మాడు పగలగొడుతుంటే పక్కన నల్ల గొడుగు పెట్టుకుని కూర్చున్నాను. ఒకావిడ, టీచరమ్మ ఇంకా వాన మీద ఆశ వదులుకోలేదని వెక్కిరించింది. ఆవిడకి తెలియదు ఎంత సరిగ్గా చెప్పిందో.

నేల నల్లగా, గట్టిగా, పలకలా ఉంది. రాత్రి కుర్రాళ్ళందరూ పారలతో ఊక బూడిద ఎత్తి పోసి, పొద్దున్న మళ్ళీ పలచగా పెట్రోలు పోసి కాల్చారట. చూడ్డానికి ముచ్చటగా ఉంది. కర్రపెండలం రొట్టె పెనం మీద కాలినప్పుడు పైన పెళుసుగా ఎండుతుందే, అలా.

ముందు పరుగు. నెఫ్తాలీ పరిగెత్తాడు. నా మనవడని రాయడం కాదు, వాడు పరిగెడుతుంటే స్కౌట్లు పక్కవాళ్ళతో మాట్లాడటం ఆపేశారు. గడియారం నొక్కినవాడు ఇంకోసారి చూసుకున్నాడు. దాల్మారిస్ చూడాల్సింది.

తర్వాత విసురు. వాడి వంతు వచ్చింది. షార్ట్‌స్టాప్ చోట నిలబడ్డాడు. బ్యాట్ పట్టుకున్నవాడు నేల మీదుగా బంతి కొట్టాడు, వాడు వంగి అందుకున్నాడు, విసిరాడు. మొదటి బేస్ దగ్గర చేతి తొడుగులో బంతి పడిన చప్పుడు మా దాకా వినబడింది. బంతి వేగం కొలిచే రాడార్ గన్ పట్టుకున్న కుర్ర స్కౌట్ కనుబొమలు లేచాయి. రెండోది ఇంకా గట్టిగా. జనం ఈలలు వేశారు. మూడోది.

మూడోది విసిరాక వాడు వేళ్ళు విదిలించాడు. చిన్నప్పుడు వేడి గిన్నె ముట్టుకుని, నాకు తెలియకూడదని చెయ్యి వెనక్కి పెట్టుకుని అలాగే విదిలించేవాడు.

నాలుగోది అందుకున్నాడు. విసిరాడు. బంతి సరిగ్గానే వెళ్ళింది. వాడి మొహంలో మాత్రం ఏమీ లేదు. రక్తం లేదు. మళ్ళీ విదిలించాడు.

లేచాను. గొడుగు ఊతంగా పట్టుకుని మెట్లు దిగాను. ఏం చెబుతానో తెలియదు, మాట ఎలా తప్పుతానో తెలియదు, కానీ ఐదో బంతి పడకూడదు. తాడు దాటి నేల మీద కాలు పెట్టేసరికి కీకో నాకన్నా ముందున్నాడు. మొదటి బేస్ దగ్గర్నుంచి మైదానం అడ్డంగా నడిచి వెళ్ళి, నెఫ్తాలీ చేతిలోంచి బంతి తీసుకుని జేబులో వేసుకున్నాడు.

"ఈ పిల్లాడికి ఇవాళ్టికి చాలు," అన్నాడు స్కౌట్ల వైపు తిరిగి. "నేల తడిగా ఉంది. నేను విసరనివ్వను."

ఎండలో. అందరి ముందూ.

తెల్ల టోపీ స్కౌట్ ఆకాశం వైపు చూశాడు. తర్వాత కుర్చీలోంచి లేచి వచ్చి, బూటు మడమతో నేలని రెండుసార్లు తన్నాడు. టకటకమంది. రాయిలా ఉంది కదయ్యా, ఐదు రోజులు నీ మైదానం కోసం కూర్చున్నాం, ఇప్పుడు తడంటావేంటి అన్నాడు. మర్యాదగానే అన్నాడు, అది ఇంకా భయంగా ఉంది. మిగతా స్కౌట్లు తలలెత్తారు. కుర్రాడికి ఏమన్నా అయిందా అని ఎవరో అడిగారు. కీకో నోరు తెరిచాడు, మూశాడు. ఈ పదేళ్ళలో వాడి దగ్గర మాట అయిపోవడం నేను చూడటం అదే మొదలు.

నేను వాళ్ళ మధ్యకి వెళ్ళి నిలబడ్డాను.

"బాబూ, ముప్పై ఏళ్ళు ఈ మట్టి గురించే పాఠం చెప్పాను," అన్నాను. "ఇది బంకమట్టి. పైన కాలిస్తే మూత పడుతుంది, లోపలి నీళ్ళు ఎక్కడికీ పోవు."

గొడుగు రెండు చేతులా పట్టుకుని మొనతో పొడిచాను. నల్లటి పెచ్చు పెళుక్కున విరిగింది. గొడుగు సగం దాకా దిగిపోయింది. లోపల్నుంచి బురద బుడగ ఒకటి పైకి వచ్చి నా బూటు మీద చిట్లింది.

 తర్వాత మెట్ల మీద ఒకడు పకపకా నవ్వాడు, వాడితో పాటు జనమంతా. తెల్ల టోపీ గొడుగు వైపు చూశాడు, నా వైపు చూశాడు, తన తెల్ల బూట్లు చూసుకుని రెండడుగులు వెనక్కి వేశాడు. ఈ నేల మీద ఎవరితోనూ విసిరించొద్దని మిగతావాళ్ళకి చెప్పాడు. చెయ్యి ఇంకోసారి చూద్దాం, కాళ్ళు మాత్రం చూశాం అన్నాడు కీకోతో.

మిగతా కుర్రాళ్ళ తల్లులు నన్ను ఎలా చూశారో రాయను. ఇద్దరు పిల్లలు అప్పటికి విసరలేదు. వాళ్ళ విషయం నా లెక్కలో లేదు, ఆ క్షణంలో. స్కౌట్లు పోతూ పోతూ వాళ్ళిద్దర్నీ సముద్రపు ఒడ్డున గట్టి ఇసుక మీద విసిరించి చూశారని ఇది రాస్తుండగా ఒలింపియా వచ్చి చెప్పింది. లేకపోతే ఈ వీధిలో నాకు కాఫీ పొడి కూడా పుట్టేది కాదు.

గొడుగు బయటికి రాలేదు. కీకో లాగాడు, ఎడమ చేత్తో. పిడి ఊడి వచ్చింది. మిగతాది అక్కడే ఉంది.

నవంబర్ 17, ఆదివారం

కీకో వచ్చాడు. నెఫ్తాలీ గదిలో తలుపేసుకున్నాడు. నిన్నట్నుంచి నాతో మాట్లాడటం లేదు, నేనే చెప్పేశానని వాడి నమ్మకం. తినడం మాత్రం తింటున్నాడు.

ఎప్పట్నుంచి అని కీకో నన్ను అడిగాడు. వాణ్ణే అడుగు అన్నాను. తలుపు దగ్గర నిలబడి అడిగాడు. తలుపు వెనక్కి వినబడేలా, మీ అమ్మమ్మ ఏమీ చెప్పలేదురా, మూడో బంతికి నువ్వు వేళ్ళు విదిలించావు, నాకూ అలాగే మొదలైంది అన్నాడు. తలుపు తెరుచుకోలేదు. కీకో అక్కడే గోడకి ఆనుకుని నిలబడి, నాతో కాదు, తలుపుతో మాట్లాడాడు.

"నా షోకేస్ రోజున చుక్క వాన లేదు. పొద్దుట్నుంచి ఎండే. ఆపడానికి ఎవరికీ సాకు దొరకలేదు."

చాలాసేపటికి గడియ తీసిన చప్పుడైంది.

నేను పెరట్లోకి వెళ్ళాను. బట్టలు ఆరేయాల్సినవేమీ లేవు. అయినా వెళ్ళాను.

నవంబర్ 22, శుక్రవారం

మా పక్క పట్నం శాన్ ఫ్రాన్సిస్కో (అమెరికాది కాదు) వెళ్ళి డాక్టర్‌కి చూపించాం. దాల్మారిస్ సెలవు పెట్టి వచ్చింది. నరం సాగింది, తెగలేదు. ఇంకో పది బంతులు విసిరి ఉంటే అన్నాడు డాక్టర్, తర్వాత వాక్యం పూర్తి చెయ్యలేదు. ఫిబ్రవరి దాకా బంతి ముట్టకూడదు. ఆ తర్వాత కొంచెం కొంచెంగా.

బస్సులో తిరిగి వస్తుంటే నెఫ్తాలీ కిటికీలోంచి వరి చేలు చూస్తూ, గొడుగు ఖరీదైనదా అని అడిగాడు. వారంలో నాతో అన్న మొదటి మాట. చాలా అన్నాను.

డిసెంబర్ 3

వాన. ఎవరికీ పట్టలేదు.

జనవరి 15

ఇవాళ సంతకాల రోజు. క్యాంపులో ఇద్దరికి అయింది. వాళ్ళలో ఒకడు ఆ రోజు ఇసుక మీద విసిరినవాడే. వీధంతా టపాకాయలు, స్పీకర్లు, మేక కూర. నెఫ్తాలీ వెళ్ళాడు. వాళ్ళింటి ముందు కుర్చీలు మోశాడు, ఎడమ చేత్తో, నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. పొద్దుపోకుండానే వచ్చేశాడు. వచ్చి ఆల్జీబ్రా పుస్తకం తెరిచి ఒకే పేజీ చూస్తూ కూర్చున్నాడు.

 నాకు కూడా అప్పుడప్పుడు మాట అయిపోతుంది.

కీకో మేక కూర గిన్నె పంపాడు. తన వాటాకి రావాల్సినవాడు ఒకడు తగ్గాడు కదా ఈసారి. గిన్నె మాత్రం నిండుగానే ఉంది.

మార్చి 8

ఇరవై బంతులు. నెమ్మదిగా. పొడి బంతులు, పొడి నేల. కీకో పక్కనే నిలబడి, వాడు వేళ్ళు కదిపినప్పుడల్లా తిట్టాడట. సాయంత్రం నెఫ్తాలీ కాఫీ తాగుతుంటే చూశాను. కుడి చేత్తో కలిపాడు. చూశానని తెలిసి, కావాలని ఇంకోసారి కలిపాడు.

మే 16, శుక్రవారం

రేపు షోకేస్. తెల్ల టోపీ వస్తున్నాడు, ముఖ్యంగా ఆ చెయ్యి చూడటానికేనని కీకో చెప్పాడు. మధ్యాహ్నం నుంచి తూర్పున మబ్బు కడుతోంది. సముద్రపు గాలి, బరువైన గాలి, కొండ దాకా వెళ్ళి ఆగే రకం. తడి ఎక్కడ్నుంచి వస్తుందో, ఎంత ఎత్తులో చల్లబడుతుందో, ఏ వేళకి పడుతుందో నాకు బాగా తెలుసు.

ఒలింపియాని బూడిద అడిగాను. పొట్లం కట్టి ఇచ్చింది, ఎందుకని అడగలేదు.

చూరు కింద గీశాను. మొదటి గీత వంకర పోయింది, చెరిపి మళ్ళీ గీశాను. నడుం వంగింది. పదునైన కత్తి ఏరి గుచ్చాను.

కాసేపటికి ఒలింపియా గిన్నెలు కడిగిన నీళ్ళతో ఇటే వచ్చింది. అటు పక్కన పారబోయమన్నాను.